ఆరున్నొకటి

సెప్టెంబరు 28, ఆదివారం

చెల్లికి,

అక్క రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. నువ్వూ క్షేమమేనా అని రోజూ పొద్దున్న ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను. పైవాడు నీ కబుర్లు నా చెవిన వెయ్యడు కాబట్టి నిన్నే అడగాల్సి వస్తోంది. నువ్వు ఫోను ఎత్తవు. ఉత్తరమైతే చించేముందు ఒకసారి చూస్తావని ఆశ.

అమ్మ మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. నోరు మాత్రం ఆరోగ్యంగా ఉంది. తమ్ముడు సర్వే ఆఫీసులోనే ఉన్నాడు. వాడి కూతురూ అల్లుడూ ఇప్పుడు వాడి ఇంటి పై వాటాలోనే ఉంటున్నారు. వాళ్ళ పిల్లని బుడ్డి అంటాం. అయిదేళ్ళు. నువ్వు చూడలేదు. నన్ను మామ్మా అంటుంది, వాళ్ళ తాతని మాత్రం ఒరేయ్ అంటుంది. వాడు ముచ్చటపడి పలుకుతాడు.

అసలు సంగతికి వస్తాను. మా లైబ్రరీ తరఫున ఒక చిన్న పుస్తకం వేస్తున్నాం. పిల్లాపాపలతో కుటుంబాలు నడవడానికి వీలైన దారులు. ఎక్కడా ఎత్తుపల్లాలు ఉండకూడదు, ముసలివాళ్ళు కూడా ఆయాసం లేకుండా పోయి రాగలగాలి. రాత నాది, కొలత తమ్ముడిది. వాడికి ఊరికే నడవడం చేతకాదు, దూరం కొలిచే చక్రం తోసుకుంటూనే నడుస్తాడు. ఆరు దారులు పూర్తయ్యాయి. ఇంకొకటి ఉంటే బాగుంటుందన్నారు కమిటీవాళ్ళు. మిగిలింది ఒక్కటే. చేల గట్టు, అడవి, కర్ర గేటు, ఆ అవతల పొదల బీడు. మనం ప్రతి ఆదివారం నడిచినది.

నేను వద్దనలేదు. అమ్మకి చెప్పగానే పళ్ళెం పక్కకి జరిపింది. అది చెయ్యి వదలకపోతే, అని మొదలుపెట్టి ఆపేసింది. నలభై ఏళ్ళుగా ఆ వాక్యం అక్కడే ఆగుతోంది. నువ్వు ఇల్లు వదిలింది ఆ వాక్యం వినలేకే అని నాకు తెలుసు.

ఇవాళ చేల గట్టు వరకు కొలిచాం. దారిలో తమ్ముడు బుడ్డి కోసం నాన్న ఆట మొదలుపెట్టాడు. గుర్తుందా? నాన్న వెనక్కి తిరిగి చూసే మనిషి కాదు. ప్రతి గేటు దగ్గరా ఆగి, తల తిప్పకుండా, లెక్క, అని ఒక్క కేక వేసేవాడు. వయసు వరసలో నంబర్లు చెప్పాలి. నాయనమ్మ ఒకటి, నాన్న రెండు, అమ్మ మూడు, నేను నాలుగు, తమ్ముడు అయిదు, నువ్వు ఆరు. మన చిన్నోడు ఏడు. కాని ఆ మాట వాడి నోట రానిచ్చేది కాదు నాయనమ్మ. పసివాడి చేత ఏడు ఏడు అనిపిస్తారేమిటి, ఎవర్ని ఏడవమని, ఆరున్నొకటి అనరా నాయనా, అనేది. వాడికి ర పలికేది కాదు. ఆలున్నొకటి అనేవాడు. అప్పుడే ఆలేమిట్రా నీకు, ముందు ఊడిన పళ్ళు రానీ, అని నాన్న నవ్వేవాడు. అందరం నవ్వేవాళ్ళం, వాడు తప్ప. నేను ఏడు అంటా, ఏడులో ఆ అక్షరం లేదు కదా, అని వాడి గోల. ఎవరూ వినలేదు.

ఆరు పక్కనే ఒకటి ఉండాలి, అందుకే అది ఆరున్నొకటి, వాడి చెయ్యి నువ్వే పట్టుకోవాలి, అని నాన్న నీకు అప్పగించాడు. పదేళ్ళ పిల్లవి. ఒక లెక్క మాట నీ మెడకి చుట్టుకుంది.

ఇవాళ నేను ఒకటి. తమ్ముడు రెండు, మరదలు మూడు, అల్లుడు నాలుగు, అమ్మాయి అయిదు. ఆరు అని బుడ్డి గొంతు చించుకుని అరిచింది. తర్వాత కాస్త ఆగి, దున్నిన చేను మీదుగా వినపడింది. ఏడు.

అందరం వెనక్కి తిరిగాం. ఎవరూ లేరు. ప్రతిధ్వని అన్నాడు అల్లుడు. చదును నేలలో ప్రతిధ్వని ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా, గోడ ఏదీ, అన్నాడు తమ్ముడు. తర్వాత నా వైపు చూసి, చిలక మళ్ళీ నోరు విప్పిందా అక్కా, అని నవ్వాడు. చిన్నప్పుడు నన్ను అలాగే పిలిచేవాళ్ళు కదా, అందరి గొంతులూ పలికించేదాన్నని. ఆ ఆట మానేసి నలభై ఏళ్ళయింది. నేను కాదన్నాను. వాడి నవ్వు ఆగిపోయింది.

నిన్ను ఒక్కటే అడుగుతాను. ఆ రోజు బీడు గేటు దగ్గర నీకేం వినిపించింది? గుర్తున్నది గుర్తున్నట్టు రాయి.

నీ అక్క

తా.క. పుస్తకంలో ఈ దారికి మొదటి మూడు వాక్యాలు రాశాను. "నేల చదునుగా ఉంటుంది. గట్టు వెంట తిన్నగా నడవాలి. తప్పిపోవడానికి వీలు లేదు." మూడోది కొట్టేశాను.

*

అక్టోబరు 12, ఆదివారం

చెల్లికి,

నీ కార్డు అందింది. కుశలం అడిగితే కుశలమని ఒక్క ముక్కైనా రాయలేదు నువ్వు. అయినా కార్డు అంచుకి ఎర్ర దారం పోగు అంటుకుని వచ్చింది. మిషను దగ్గరే కూర్చుని రాశావన్నమాట. కుట్టుపని సాగుతోందని అర్థం చేసుకున్నాను. ఇక్కడ మేమూ అలాగే ఉన్నాం.

నువ్వు రాసింది మూడు సార్లు చదివాను. గేటు దగ్గర వాడు నా పక్కన లేడు, వినిపించిన మాటలో ర స్పష్టంగా ఉంది, వాడికి ర రాదని అప్పుడే చెప్పాను, చెంప మీద కొట్టారు, ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటారు. అంతే రాశావు. కోపంలో కూడా నీ అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి.

మనిద్దరం ఆ రోజు గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు. నేను రాస్తాను, తప్పుంటే దిద్దు. అడవి దాటి గేటు చేరాం. నాన్న లెక్క అన్నాడు. ఏడు నంబర్లూ పలికాయి. గేటు దాటి బీడులో కొంత దూరం నడిచాక అమ్మ నీళ్ళ సీసా కోసం వెనక్కి తిరిగింది. నీ చెయ్యి ఖాళీగా ఉంది. వాడు అడవిలోనే నన్ను వదిలి అక్క దగ్గరికి పోయాడు, అన్నావు నువ్వు. అమ్మ నన్ను చూసింది. నేను తల దించుకున్నాను. గేటు దగ్గర లెక్క సరిపోయింది కదా, ఆరున్నొకటి అన్నాడు కదా, అన్నాడు నాన్న.

ఆ లెక్కని నమ్మి అందరూ బీడులోనే వెతికారు. రెండు రోజులు, ఒక్కో పొదా విడదీసి. అడవి వైపు ఎవరూ పోలేదు. మూడో రోజు కట్టెలు కొట్టే మనిషి, దుంగలు కోయడానికి ఎవరో ఏనాడో తవ్వి వదిలేసిన గొయ్యిలో వాణ్ణి చూశాడు. నిన్న పొద్దుటిదాకా ప్రాణం ఉండి ఉంటుంది అన్నాడు డాక్టరు. ఆ మాట అమ్మ విన్నది. బీడులో నీ చెయ్యి విడిపించుకుని అడవిలోకి పరిగెత్తాడని పెద్దవాళ్ళు తేల్చారు. నువ్వు అబద్ధం ఆడావన్నారు.

ఇవాళ అడవి కొలిచాం. ఆకులు రాలే కాలం. నడుస్తుంటే కాళ్ళ కింద చప్పుడు తప్ప ఏమీ లేదు. చెట్లన్నీ ఒకే ఎత్తు. ఎండ కూడా చదునుగానే పడుతుంది అక్కడ.

బుడ్డి ఎడమ చెయ్యి కాస్త వెనక్కి చాపి నడుస్తోంది. పక్కన ఇంకో పిల్లని నడిపిస్తున్నట్టు. చెయ్యి నొప్పి పుడుతుందే, దించు, అంది వాళ్ళమ్మ. దించితే ఏడు పడిపోతాడు, అంది బుడ్డి. ఏడెవరే అంటే, నేను ఆరు కదా, నా తర్వాత ఏడు ఉండడా, నీకు లెక్కలు రావా, అని తల్లినే దెప్పింది. అల్లుడు నవ్వాడు. మరదలు నవ్వలేదు.

తమ్ముడు లెక్క పెట్టనన్నాడు. చక్రం తోస్తూ మీటర్లు మాత్రం చదువుతున్నాడు. ఆరు వందల ఇరవై, అన్నాడు. వెనకాల ఎవరో, ఏడు, అన్నారు. చాలా దగ్గర. ఈసారి అల్లుడు ప్రతిధ్వని అనలేదు. మామ్మా, ఎవరో ఏడవమంటున్నారు, ఎవర్ని ఏడవాలట, అని బుడ్డి నన్నే అడిగింది.

గొయ్యి చుట్టూ ఇప్పుడు కంచె వేశారు. గొయ్యి సగం ఆకులతో నిండిపోయింది. కంచె పక్కన అదే పాత దుంగ, నాచు పట్టి. బుడ్డి అక్కడ ఆగి, చాచిన చేతిని మెల్లగా వదిలేసింది. ఏడు ఇక్కడే కూర్చుంటాడట, రాడట, అలిగాడు, అంది.

అలిగాడన్న మాట దానికి ఎవరు నేర్పారో, అంది మరదలు. దుంగ మీద కూర్చోబోయి, కూర్చోలేక, కంచె పట్టుకుని నిలబడ్డాను. ప్రార్థన చేసుకుందామనుకుంటే మొదటి మాట గుర్తు రాలేదు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

బుడ్డి అరచెయ్యి తడిగా ఉంది. దాంట్లో నల్లటి ఆకు ముక్క ఒకటి అంటుకుని ఉంది. దారిలో అది వంగి దేన్నీ ముట్టుకోలేదు. నేను దాని వెనకే నడిచాను.

వాన మొదలైతే తిరిగి వచ్చేశాం. గేటు కొలవడం మిగిలిపోయింది. నువ్వు వస్తావా? ఒక్క పూట. అమ్మ ఎదుట పడకపోయినా ఫర్వాలేదు. బస్సు దగ్గరికి నేను వస్తాను.

నీ అక్క

తా.క. నేను నమ్మలేదని మాత్రం అనుకోకు. నువ్వు చెప్పినదాన్ని నేను ఏ రోజూ అబద్ధం అనుకోలేదు.

*

అక్టోబరు 26, ఆదివారం

చెల్లికి,

నువ్వు క్షేమంగా ఉండాలని కోరుతూ మొదలుపెడుతున్నాను. ఈసారి అది మర్యాదకి రాసిన మాట కాదు.

నీ రెండో కార్డు వచ్చింది. రాను, నమ్మినదానివి అప్పుడెందుకు నోరు విప్పలేదు, అని రాశావు. న్యాయమైన ప్రశ్న. జవాబు ఈ ఉత్తరంలోనే ఇవ్వాలని కూర్చున్నాను. ముందు ఇవాళ్టి సంగతి చెప్పనీ.

అడవి చివరి నుంచి గేటు దాకా నాలుగు వందల మీటర్లు. తమ్ముడు చక్రం తోశాడు. బుడ్డి చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని నడిచింది. ఇవాళ ఏడు లేడా అని అడిగింది వాళ్ళమ్మ, నవ్వించాలని. వాడు అక్కడే కదా ఉన్నాడు, చెప్పాను కదా, అంది విసుగ్గా.

గేటు అదే. గడియ మార్చారు. అవతల బీడు గోధుమ రంగులో కనుచూపు మేర పరుచుకుని ఉంది. తమ్ముడు చక్రం ఆపి పుస్తకంలో అంకె రాసుకుంటున్నాడు. వాళ్ళ తాత మరిచిపోయాడనుకుంది కాబోలు, బుడ్డే గేటు ఎక్కి, లెక్క, అని అరిచింది. నోటికి అలవాటైన మాట, ఆపుకోలేకపోయాం. ఒకటి అన్నాను. రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరు అంది బుడ్డి. గాలి కూడా లేదు.

ఆరున్నొకటి.

చిన్నపిల్లవాడి గొంతు. ర స్పష్టంగా ఉంది.

తమ్ముడి చేతిలో పెన్సిలు జారిపోయింది. వాడి ముఖం తెల్లబడి, వెంటనే వెలిగింది. అక్కా, ఇదే, ఆ రోజు విన్నది అక్షరాలా ఇదే, అని నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. చూశావా, మన చిన్నోడు గేటు దాకా వచ్చాడు, నాన్న లెక్క తప్పలేదు, వాడు నిజంగానే ఇక్కడున్నాడు, అని ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఏదేదో అన్నాడు. పాపం, వాడి తప్పేముంది. యాభై రెండేళ్ళ మనిషి పన్నెండేళ్ళవాడైపోయాడు.

ఇంటికి రాగానే బూట్లయినా విప్పకుండా అమ్మకి చెప్పాడు. అమ్మ అంతా విని, కళ్ళు మూసుకుని, నే చెప్పలేదూ, వాడు గేటు దాకా వచ్చాడు, అంది. నలభై ఏళ్ళుగా సగంలో ఆగిన వాక్యం ఇవాళ పూర్తి చేసింది. అది చెయ్యి వదలకపోతే నా బిడ్డ బతికేవాడు, అంది. నేను ఉన్నన్నాళ్ళూ అది ఈ గడప తొక్కక్కర్లేదు, అని కూడా అంది.

చూశావా, ఎటు తిరిగి ఎక్కడికి వచ్చిందో. నీ మాటకి సాక్ష్యం దొరుకుతుందేమో అన్న ఆశతో ఈ దారి మళ్ళీ నడిచాను. నేను నోరు విప్పకుండానే అది బయటపడాలని కోరుకున్నాను. నీ మీద తీర్పు ఇంకా గట్టిపడింది.

ఆరోగ్యం జాగ్రత్త. చలికాలం వస్తోంది, మిషను కిటికీ దగ్గర నుంచి లోపలికి జరుపుకో.

నీ అక్క

తా.క. పైన జవాబు ఇస్తానన్నాను. ఇవ్వకుండానే సంతకం పెట్టి కవరు అంటించాను. అలవాటు. ఇప్పుడు ఆవిరి పట్టి విప్పాను.

గేటు దగ్గర బుడ్డి నా చెవిలో ఒక మాట అంది, అది దాచాను. మామ్మా, అన్నది ఏడు కాదు, ఏడు ఇక్కడికి రానే లేదు, నువ్వే అన్నావు, అంది.

నా పెదవులు కదల్లేదు. పైవాడి సాక్షిగా ఆ ఒక్కటి చెప్పగలను. కాని గొంతు నాదే. పద్నాలుగేళ్ళ నాది.

ఆ రోజు అడవిలో వాడు నీ చెయ్యి వదిలి నా దగ్గరికే వచ్చాడు. చేల దగ్గర లెక్కలో మనం ఆలు ఆలు అని నవ్వామని ముఖం ముడుచుకుని ఉన్నాడు. దుంగ మీద కూర్చుని, నన్ను ఏడు అననిస్తేనే వస్తాను, అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కూర్చో అయితే, నీది నేనే చెప్పేస్తా, అలక తీరాక పరిగెత్తుకురా, అన్నాను. వాడికి అడవి చదునుగా కనిపించింది, నాకూ అలాగే కనిపించింది. గొయ్యి ఆకుల కింద ఉంది.

గేటు దగ్గర నువ్వు ఆరు అన్నావు. నేను వాడి గొంతుతో ఆరున్నొకటి అన్నాను. అందరి గొంతులూ పలికించే చిలకని. ఆలు అనడం మాత్రం మరిచిపోయాను. ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకున్నదానివి నువ్వు. నీ చెంప పగిలింది.

అమ్మ నన్ను చూసినప్పుడే చెప్పి ఉంటే అరగంటలో వాణ్ణి చేతుల్లోకి తీసుకునేవాళ్ళం. నాన్న కోప్పడతాడని ఆ క్షణం దాటేశాను. సాయంత్రానికి చెప్పడం కష్టమైంది. మర్నాటికి ఇంకా కష్టమైంది. వాడు దొరికాక చెప్పడానికి నాకు నోరే లేకుండా పోయింది. అందరూ నన్ను మితభాషి అంటారు, భక్తురాలు అంటారు. భయం అది. చెయ్యి వదిలింది నువ్వు కాదు, చెల్లీ. వదిలేసి వచ్చింది నేను.

ఈ కాగితం ఇందాక అమ్మకి చదివి వినిపించాను. తమ్ముణ్ణి కూడా కూర్చోబెట్టాను. వాడు లేచి వెళ్ళి వరండాలో నిలబడ్డాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. అమ్మ మాత్రం చిన్నదాన్ని రమ్మని రాయి, గడప దగ్గర నేనే నిలబడతానని రాయి, అంది. రాస్తున్నాను. రావడం మానడం నీ ఇష్టం, నన్ను చూడక్కర్లేదు. నువ్వు ఉన్నన్ని రోజులు నేను లైబ్రరీ వెనక గదిలో ఉంటాను.

ఏడో దారి చివర పుస్తకంలో ఈ వాక్యం పెట్టాను. "గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, అందరూ ఉన్నారో లేదో కళ్ళతో చూసుకోండి."

నువ్వు ఎన్నడూ అడగలేదు గాని, ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకు నా కంట నీటిచుక్క రాలేదు. వాడు పోయినప్పుడూ రాలేదు, నాన్న పోయినప్పుడూ రాలేదు. చదవడం అయ్యాక నేను పొడి కళ్ళతోనే అమ్మ ముందు కూర్చున్నాను. అమ్మ తన చెయ్యి నా తల మీద పెట్టింది. బరువుగా ఉంది ఆ చెయ్యి. మన ఇంట్లో నాయనమ్మ పలకనివ్వని మాట ఒక్కటే అంది.

ఏడు, అంది.